బయటి గొళ్ళెం

ఒక పార్లమెంటు సభ్యుడి ఆఫీసు. మధ్యాహ్నం, పనుల మీద వచ్చిన జనమంతా వెళ్ళిపోయాక. మాట్లాడుతున్నది సభ్యుడి అక్కా, సభ్యుల ఆఫీసులకిచ్చే సర్కారు డబ్బు సరిగ్గా ఖర్చవుతోందో లేదో చూడటానికొచ్చిన తనిఖీ అధికారీ.

“...కుర్చీలు చూశారు, ప్రింటరు చూశారు, ఆఖరికి బాత్రూమ్ కూడా చూశారు. ఇంకేం చూపించమంటారు సార్?”

“సభ్యుణ్ణి చూపించండమ్మా.”

“చెప్పాను కదా, బయటికెళ్ళాడు. అదే, వెళ్ళారు.”

“ఎక్కడికి?”

“పని మీద.”

“ఏ పని?”

“సభ్యుడన్నాక పనులుండవా సార్? ముందు కూర్చోండి. లిఫ్టు పాడై మూడంతస్తులూ ఎక్కొచ్చారు. మంచినీళ్ళు తాగండి.”

“ఇప్పటికే చాలాసార్లు ఇచ్చారు. కడుపు కుండలా ఉంది. లిఫ్టు బాగుచేయించమని అడగలేదా?”

“అడిగాం. మీ విభాగమే కాగితాలు తిప్పి పంపింది.”

“మా విభాగమే అయ్యుంటుంది. సరే, సహాయకుడని ఒకాయనకి ఆఫీసు డబ్బులోంచి జీతమిస్తున్నారు. ఆయనేడి?”

“ఆయనా బయటికే వెళ్ళాడు.”

“మెట్ల మీద కనిపించాడు, మందుల సంచితో. టైపింగ్ వచ్చా అనడిగితే, ‘రాదు సార్, సూదిమందు వెయ్యడం వచ్చు’ అన్నాడు.”

“వాడికి మాట దాచడం చేతకాదు.”

“మీకు చేతనవునా?”

“నాకూ కాదు సార్. అందుకేగా ఇన్ని నీళ్ళిస్తున్నా.”

“అమ్మా, పొద్దున్నుంచి ఊరంతా తిరుగుతున్నాను. ఒకాయన ఆఫీసు వాళ్ళ బావమరిది చెప్పుల కొట్లో ఉంది. ఇంకొకాయన ఆఫీసు కారు పెళ్ళిళ్ళకి అద్దెకి తిరుగుతోంది. అందరూ కబుర్లే. వినీ వినీ చెవులు నొప్పి పుడుతున్నాయి. మీరైనా సూటిగా చెప్పండి. ఆ లోపలి గదికి గొళ్ళెం బయటివైపు ఎందుకుంది?”

“వడ్రంగి పొరపాటు.”

“గోడల నిండా ఈ చీటీలేంటి? ‘బాత్రూమ్ ఇటు’, ‘ఇది ఫ్యాను స్విచ్చి’...”

“వచ్చేవాళ్ళ కోసం. పల్లెల నుంచి వస్తారు కదా.”

“పల్లెల్లో ఫ్యాన్లు లేవా? ఇదిగో, ‘నీ కళ్ళజోడు ఈ సొరుగులో ఉంది’ అట. వచ్చినవాళ్ళందరి కళ్ళజోళ్ళూ మీ సొరుగులోనే పెడతారా?”

“ఫిర్యాదు చేసిందెవరు సార్?”

“అది చెప్పకూడదు.”

“నాకు తెలుసు. ఆ డ్రైవరే. పెట్రోలు దొంగిలించాడని మానిపిస్తే పగబట్టాడు.”

“డ్రైవరు కాదు.”

“అయితే ఎన్నికల్లో ఓడిపోయినాయన. ఆయనకి మేమంటే మొదట్నుంచీ కడుపుమంట.”

“ఆయనా కాదు. నిన్న ఫోనొచ్చింది. ఇవాళే రమ్మన్నారు, రేపైతే లాభం లేదన్నారు. అంతే చెప్పగలను.”

“నిన్న ఫోనొస్తే ఇవాళ వచ్చేశారా! లిఫ్టుకి మాత్రం ఇంత తొందర లేదు. ఏమన్నారు ఫోన్లో?”

“సభ్యుడికి మతిమరుపు ముదిరిందని. ఆఫీసు నడిపేది వాళ్ళక్క అని. ఆఫీసు డబ్బుతో మనిషిని పెట్టి ఆయన్ని సాకుతున్నారని.”

“సాకుతున్నారా? అదే మాట అన్నారా?”

“అదే మాట.”

“సాకుతున్నాననే అనుకోండి. అమ్మ పొలానికెళితే వాణ్ణి చంకనేసుకుని బడికెళ్ళేదాన్ని. పంతులుగారు పాఠం చెబుతుంటే వాడు నా బల్ల కింద నిద్రపోయేవాడు. అప్పుడు సాకలేదా? ఇప్పుడూ అంతే. తప్పేంటి?”

“తప్పేం లేదు. సాకండి. కానీ జనం డబ్బుతో కాదు.”

“నేనేమైనా మిగుల్చుకున్నానా? చుట్టాలకి జీతమివ్వకూడదన్నారు, ఒక్క పైసా తీసుకోలేదు. ఇందాక బయట బెంచీ మీద కూర్చుని అంతా చూశారుగా? పింఛనాగిన ముసలామె కోసం ఫోన్ చేశానా లేదా? కుళాయి కోసం వచ్చినవాళ్ళ ముందే ఇంజినీరుని నిలదీశానా లేదా? ఏ పని ఆగింది చెప్పండి?”

“ఏదీ ఆగలేదు. నిజం చెప్పాలంటే, నేను చూసిన ఆఫీసుల్లో బాగా నడిచేది ఇదొక్కటే.”

“మరి?”

“మరి వాళ్ళు ఓటేసింది మీకు కాదమ్మా.”

“వాడికే వేశారు. వాడి పనేగా సార్ నేను చేస్తోంది?”

“సభలో ఓటింగు పెడితే ఆయనేం చేస్తారు?”

“పక్కసీటాయన్ని చూసి చెయ్యెత్తమన్నాను. ఆయనెత్తితే ఎత్తు, దించితే దించు అని.”

“పక్కాయన తల గోక్కోవడానికి ఎత్తితే?”

“నవ్వకండి సార్. ఒకసారి అదీ జరిగింది.”

“నవ్వట్లేదమ్మా. నవ్వే ఓపిక కూడా లేదు. ఆయనెక్కడ?”

“లోపలే ఉన్నాడు. నిన్నంతా నిద్రపోలేదు. కూర్చోబెడితే లేస్తాడు, పడుకోబెడితే లేస్తాడు, ఏదో గొణుక్కుంటూ గదిలో తిరుగుతాడు. అన్నం కూడా ముట్టలేదు. వీధిలోకెళ్ళి తప్పిపోతాడని గొళ్ళెం పెట్టాను. ఇక రాసుకోండి, మీ ఇష్టం.”

“రాయడం నాకేమైనా సరదానా?”

“అయితే రాయకండి. ఇంకొక్క ఏడాది సార్, ఎన్నికలొచ్చేదాకా. వాడు మాట్లాడుతుంటే సభంతా చెవులు రిక్కించి వినేది. అలాంటివాణ్ణి పట్టుకుని రేపు పేపర్లో మతిలేనివాడని రాస్తే నేను చూడలేను. గౌరవంగా దిగనివ్వండి. ఆ తర్వాత మా ఊరు తీసుకుపోతాను, ఎవరి కంటా పడనివ్వను.”

“ఆయన్నడిగారా?”

“ఏమని?”

“ఆ ఏడాది ఉండాలనుందా అని.”

“వాడికేం తెలుసు సార్? ఏదో అంటాడు, పడుకుని లేస్తే మర్చిపోతాడు.”

“ఏమంటారు?”

“ఏదో...”

“ఏమంటారమ్మా?”

“మానేస్తానంటాడు. రాజీనామా రాసిమ్మంటాడు.”

“రోజూనా?”

“రోజూ.”

“మీరేమంటారు?”

“అలాగేలేరా, రేపు చూద్దాం అంటాను. రేపటికి గుర్తుండదుగా.”

“తలుపు కొడుతున్నారు.”

“గాలికి.”

“గాలి ‘అక్కా’ అని పిలుస్తుందా?”

“సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను...”

“అయ్యో, లేవండి. మా అమ్మంత పెద్దవారు, ఇదేం పని? గొళ్ళెం తియ్యండి. నేనేం అననులెండి. తియ్యండి ముందు.”

“అక్కా! ఎంతసేపట్నుంచి పిలుస్తున్నాను! ఈయనెవరు?”

“ఎవరో లేరా, కుళాయి పని మీద వచ్చారు. వెళ్ళి పడుకో నాయనా, కళ్ళు చూడు ఎలా ఎర్రబడ్డాయో.”

“కుళాయా? కాదు. కాదక్కా. ఆగు, మాట్లాడకు, నువ్వు మాట్లాడితే పోతుంది... తనిఖీ. తనిఖీకొచ్చారు. కదా సార్?”

“అవునండీ.”

“హమ్మయ్య. ఫోన్ చేసింది నేనే సార్, మన సూదిమందాయన ఫోన్లోంచి.”

“నువ్వా! ఒరేయ్, నువ్వా?”

“ఏం చెయ్యనక్కా, ‘రేపు చూద్దాం’ అంటావు, నా దగ్గర రేపు ఉండట్లేదు. సార్, నేను దిగిపోతున్నానని రాసుకోండి, సంతకం పెడతాను. తొందరగా రాయండి, నిన్నట్నుంచి కన్ను మూయలేదు, మూస్తే ఇది పోతుందని. అక్కా, ఏడవకే. ఆయన రాయడం అయిపోగానే నన్ను పడుకోబెడుదువు గాని.”