ముద్ద ముట్టిందెవరు

"చిన్నమామ్మా, చిన్నతాత బతికుండగానే తన దినం తనే చేసుకున్నాడట. నిజమేనా?"

నిజమేనే. ఎవులు సెప్పారు, మీ నాన్నా? ఆడే కదా దగ్గరుండి సేయించింది. కూకో, సెప్తాను. ఏటి జరిగిందో నాకూ సరిగ్గా తెల్దులే.

మీ తాతకి కిడ్నీలు పాడైపోయినాయని ఇశాపట్నంలో సెప్పినారు. అప్పటికే మన జలంత్రకోటలో ఆ జబ్బుతో ఎంతమంది పోయారో. మన పక్కింటోడు, ఆడి తమ్ముడు... కాదు, తమ్ముడు తరవాత పోయాడు. మాకా పిల్లల్లేరు. నాకు కర్మ నానే సేసుకుంటానన్నాడు మీ తాత. "నానున్నాను కదా సిన్నాన్నా" అని మీ నాన్నంటే ఇన్నాడు కాదు. పలాసలో పంతులుగార్నడిగితే, బతికుండగా సేసుకోవచ్చు, శాస్త్రంలో ఉంది అన్నారట.

సోంపేట ఎస్టీడీ బూత్ నుంచి ఆయనే కబుర్లెట్టాడు. దినానికి రండి అంటే, అవతలోళ్ళు "అయ్యో, ఎవులు పోయారు" అని అడిగితే "నానే" అన్నాడట.

ఊరంతా వచ్చినారు. జీడిపప్పేసి పరవన్నం వొండించాడు. ఏడవాలో నవ్వాలో ఎవులికీ తెల్దు. ఆడోళ్ళు నా గాజులకేసి సూత్తంటే సేతుల మీద కొంగు కప్పుకున్నాను. బారువ నుంచి మా తమ్ముడొచ్చాడు. "బావా, నీ దినానికి నానొచ్చాను. నా దినానికి నువ్వెలగొస్తావు?" అన్నాడు. మీ తాత నవ్వీసినాడు.

ముద్ద కొబ్బరితోటలో ఎట్టి అందరం ఎనక్కి జరిగాం. కాకి రాదే. సచ్చినోడికి ఏదో కోరికుండిపోతే కాకి ముట్టదంటారు, తెలుసు కదా. అప్పుడు ఇంట్లోవోళ్ళు ఒక్కొక్కటే మాటివ్వాలి. మీ నాన్న దండమెట్టి "సిన్నాన్నా, పిన్నిని నాను సూసుకుంటాను" అన్నాడు. ముద్దకి సెప్తన్నాడే, మీ తాతేమో పక్కనే ఉన్నాడు. "తోట అమ్మం" అన్నాడు. "ఎర్రావుని సంతకి తోలం" అన్నాడు. కాకులు మట్టల మీద కూకుని సూత్తన్నాయి గాని దిగవు.

మా తమ్ముడే అన్నాడు, "మనిషిని ఎదురుగా ఎట్టుకుని ముద్దనడుగుతారేట్రా? బావా, నీకేటి కావాలో నువ్వే సెప్పు."

అందరూ ఆయనేపు తిరిగినారు. మీ తాత కాళ్ళకేసి సూసుకుంటా, మెల్లగా,

"నాకు సావాలని నేదు" అన్నాడు.

దానికి మాటెవులివ్వగలరే? మళ్ళీ ఇటు తిరిగి సూత్తే ముద్ద నేదు. కాకి తిన్నాదో, కుక్క తిన్నాదో. అందరం ఆయన మొకమే సూత్తన్నాం కదా. మీ నాన్న కాకే అంటాడు.

తరవాత రెండేళ్ళున్నాడు. మూడేమో. పోయినప్పుడు, కర్మ ముందే అయిపోయింది కదా, మళ్ళీ అక్కర్నేదన్నారు. నాకు మనసొప్పక, ఎవులికీ సెప్పకుండా అదే తోటలో ముద్దెట్టాను, ఆయనకిష్టమని మెత్తళ్ళ సేపల కూరేసి. ఏ మాటివ్వాలా అనుకుని నోరు తెరిసీలోగా కాకి దిగి తినీసింది.

అంటే ఏటనుకోవాలి? అప్పటికి సావాలనిపించీసిందా, నాకు సెప్పకుండా? లేపోతే అది ఉత్త ఆకలి కాకా? సదువుకున్నదానివి, నువ్వు సెప్పు.

పోనీలే. నిండు నూరేళ్ళుండు తల్లీ. పొయ్యి మీద మెత్తళ్ళ కూరుంది, తినెల్లు.