పెద్ద సిస్టర్ బూట్లు కొన్న సాయంత్రం

ఆస్పత్రిలో నర్సుల గది. టీ వేళ. కొత్త సిస్టర్ మేజోడు విప్పి నల్లబడ్డ బొటనవేలి గోరు చూసుకుంటూ, "నావల్ల కాదక్కా, రేపే మానేస్తానని రాసిచ్చేస్తా," అంది. పెద్ద సిస్టర్ గ్లాసు కింద పెట్టింది.

"బూట్లు మీ ఆయన తెచ్చాడా? పొద్దున్నే కాలికి దారం పెట్టి కొలుచుకెళ్లుంటాడు."

"దారం కాదక్కా, చీపురు పుల్ల."

"పుల్లకి పొడుగు తెలుసు గానీ వెడల్పు తెలుస్తుందా? సాయంత్రానికి పాదం పొంగుతుందని తెలుస్తుందా? దీనికి ఉద్యోగం మానేస్తుందట, చోద్యం కాకపోతే. నేనెలా కొన్నానో విను. డ్యూటీ దిగి, కాళ్లు తిత్తుల్లా ఉన్నప్పుడే వెళ్లా, రోజూ తొడుక్కునే మేజోళ్లతోనే. షాపువాడు 'ఆడవాళ్లకి ఇవేనండీ' అని గులాబీరంగువి తీశాడు, మొన సూదిలా ఉంది. 'ఈ రంగుకి నొప్పి తగ్గుతుందా నాయనా, మగవాళ్ల అరలోవి తియ్యి' అన్నా. వేళ్ల ముందు బొటనవేలంత చోటుండాలి, మడమ జారకూడదు, నడిచి చూడందే కొననన్నా. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా?"

"షాపులో నడిచావు," అంది బల్ల పక్కన టీ తాగుతున్న ఆయమ్మ.

"పది చుట్లు. చాలక వీధిలోకి దిగా. బస్సుని దాటేశా. డ్రైవరు తల బయటపెట్టి 'అమ్మా, కాస్త దారివ్వండి' అన్నాడు."

"బస్సు ఆగి ఉందేమో," అంది ఆయమ్మ.

"ఆగిందే, నన్ను చూసి. ఊరు దాటా, కొండెక్కి దిగా, నా నీడ నన్ను అందుకోలేక మైలురాయి మీద కూలబడింది, వెనక్కెళ్లి దాన్ని చంకనేసుకుని మళ్లీ నడిచా, ఇంతలో సముద్రం అడ్డొచ్చింది..."

"నీళ్లమీద నడిచావా?"

"ఛ, అబద్ధాలెందుకు. ఒడ్డెంబడి చుట్టూ తిరిగొచ్చా. షాపు మూసేలోగా వచ్చి, 'ఎడమది కాస్త బిగుతు నాయనా, ఇంకో జత తియ్యి' అన్నా."

పొద్దుట్నుంచి ఏడుపు మొహంతో ఉన్న కొత్త సిస్టర్ నవ్వింది. "నాకూ అలాంటివే కావాలి. మీ నంబరెంతక్కా?"

"నంబరా?" పెద్ద సిస్టర్ తడుముకుంది. "అది... మా ఆయనకి తెలుసు."

ఆయమ్మ వంగి బల్ల కిందకి చూసింది. పెద్ద సిస్టర్ కాళ్లకున్నవి అరిగిన రబ్బరు చెప్పులు. మడమలు రెండూ చెప్పులు దాటి వెనక నేలమీదే ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా ఈ వార్డులో ఆ మడమలు పరిగెత్తిన పరుగుకి ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో అక్కడున్న అందరికీ తెలుసు. సముద్రం చుట్టి రాలేదనడానికి ఒక్కరికీ నోరు రాలేదు.

కొత్త సిస్టర్ మేజోడు తొడుక్కుంది. "రాసిచ్చే సంగతి తర్వాత. సాయంత్రం డ్యూటీ దిగాక ఇద్దరం వెళ్దాం. ముందు మీ పాదం కొలవమందాం."

పెద్ద సిస్టర్ కాళ్లు బల్ల కిందకి ముడుచుకుంది. గ్లాసు అందుకుని చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది.

"వస్తాలే," అంది. "కానీ లోపలికి ముందు నువ్వెళ్లు. నన్ను చూస్తే వాడు షట్టర్ దించేస్తాడు."