పురి పెట్టని కాయిల్

కాదన్నా, గా మాడిన కాయిల్ తెచ్చి నా టేబుల్ మీద పెడితే నేనేం చెయ్యాలె? కమురు వాసనస్తుంది, కింద పెట్టు. కూసో. గట్ల దీనంగ సూడకు, నాకు జాలి రాదు.

ఇప్పుడు యాదికచ్చిన్నా నేను? మరి కంఠేశ్వర్ల ఆఫీసుల మీటింగైన నాడు ఎట్ల మర్చిపోయినవ్ భానన్నా? బెల్లం కడాయి కింద మంట లేకుండ, కరెంటు కాయిల్‌తోని రసం మసలవెట్టాలన్నది ఎవరి ఆలోచన? కంప్యూటర్ల కాయిల్ కట్టి, ఎంత కరెంటుకు ఎంత వేడైతదో లెక్క తీసిందెవరు?

మన కంపెనీ సేఠ్ ముంగట నా బొమ్మలు తెర మీద ఏసి, ఇదంత నేనే చేసిన అన్నవ్. నేను తలుపు కాడ నిలవడి ఉన్న. 'ఆశా, అందరికి చాయ్ చెప్పు చెల్లె' అన్నవ్. చెప్పిన కదా. నీకు మలై ఏసి ఇయ్యుమని చెప్పిన.

ఫైల్ ఎత్తుకపోయినవ్ సరే, ఇది ఎట్ల పనిచేస్తదని ఒక్కపారి అడిగినవా? తెర మీద కాయిల్ ఒక్క ముద్దలెక్కనే కనవడ్డది నీకు. దాంట్ల వందల సన్నతీగలుంటయ్ అన్నా. ఒక్కొక్కటి గీసుకుంట కూసుంటే మన కంప్యూటర్ తట్టుకోదు. అందుకే అన్ని తీగలు కరెంటును సమానంగ పంచుకుంటయని అనుకొని, ముద్దగ పెట్టిన.

ఊకెనే పంచుకుంటయా మరి? తాడుకు పెట్టినట్టు పురి పెట్టాలె. ప్రతి తీగ కొంచెం దూరం లోపల, కొంచెం దూరం బయట నడవాలె. కాలువ నీళ్లకు వంతులుంటయ్ సూడు, గట్ల. వంతు లేకుంటే ఏమైతది? తూము కాడి పొలపోడే అంత తాగుతడు.

నువ్వేం చేసినవ్? తీగలన్ని పక్కపక్కకు పేర్చి, చీపురు కట్టినట్టు టేపు చుట్టినవ్. బొమ్మల పురి కనవడలేదాయె. కొన్ని తీగల మీదనే బరువంత పడ్డది, మాడినయ్. మాడయా?

ఏమన్నడు సేఠ్? రేపు రైతుల ముంగట కడాయి మసలకుంటే ఇంటికి పొమ్మన్నడా? మంచిగన్నడు.

సూసిన అన్నా. షెడ్డుల నువ్వు టేపు చుడుతుంటే నేను కిటికీల నుంచి సూసిన. పురి పెట్టు అన్నా అని ఒక్క మాటంటే అయిపోతుండె. నాలిక మీదికచ్చింది, మింగిన. చర్చిల పాస్టరయ్య క్షమించుమంటడు, నేను ఆమెన్ అంట. షెడ్డుకచ్చినంక నాతోని కాదు.

ఏందీ? పాపం, ఎవరో రైతు రసమంత పులిసిపోయిందంటవా?

ఎవరో కాదు. మా బాపు. ఏండ్ల సంది చెరుకుపిప్పి పొగ మింగి దగ్గుతుంటే సూడలేకనే ఈ పని మొదలువెట్టిన నేను. నిన్న పొద్దుగాల్ల గానుగాడించి, ఉతికిన అంగీ తొడుక్కొని, నా బిడ్డ చేసిన పొయ్యి అని ఎడపల్లి ఊరంత చెప్పుకుంట, రసం పట్టుకొని షెడ్డుకు అచ్చిండు. కాయిల్ మాడింది. రసం మసలలే. మాపటికి పులిస్తే తీస్కపోయి కాలువల పారవోసిండు. నాదిక్కు సూడలే.

నువ్వు స్విచ్ ఏస్తుంటే నేను బాపు పక్కకే ఉన్న అన్నా. అప్పుడన్న ఆపొచ్చు. ఆపలే.

వందల తీగలకు పురి పెట్టుడు ఈ ఒక్క రాత్రిల నీతోని కాదు; రేపు నువ్వు స్విచ్ ఏసినా నేను ఆపను. లే, తలుపు దగ్గరికేసి పో.