వెచ్చని బానెట్

ఇంగ్లాండులోని లడ్లో ఊరి చివర, అమ్మకానికి పెట్టిన పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు బానెట్ మీద అరచెయ్యి ఆనించగానే, కొనడానికొచ్చినవాడి గుండె జారిపోయింది.

"ఇంజన్ వెచ్చగా ఉందేంటండీ? నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ఫోన్లో మరీ మరీ చెప్పానుగా!"

"చెప్పావు నాయనా," అంది కారు అమ్ముతున్న పెద్దావిడ, తాళాలు గుప్పిట్లో బిగించి.

"చల్లగా ఉంటే స్టార్టవ్వని బండినే ఇలా ముందుగా వేడిచేసి పెడతారు. నా దగ్గరున్నదే ఆరువేల పౌండ్లు. ఇందులో మోసపోతే మా ఆవిడ ఇంట్లోకి రానివ్వదండీ."

"మోసం కాదయ్యా. మా ఆయన ఉన్నన్నాళ్లూ నన్ను పక్క సీట్లోనే కూర్చోబెట్టాడు. ముప్పయ్యేళ్లు! అమ్మేసేలోపు ఒక్కసారైనా నేను నడపాలని పొద్దున తీశాను."

"అప్పుడు వెంటనే స్టార్టయిందా?"

"తాళం తిప్పీ తిప్పగానే."

అతను జేబులోంచి అయస్కాంతం తీసి తలుపుల కిందంతా ఆనించి చూశాడు. అన్నిచోట్లా టక్కున అతుక్కుంది. అయస్కాంతం అంటని పుట్టీతో తుప్పును కప్పేసిన జాడ ఎక్కడా లేదు.

"హమ్మయ్య! తీసుకుంటానండీ. తాళాలివ్వండి."

ఆవిడ గుప్పిట తెరుచుకోలేదు.

"రావద్దని నీకు ఫోన్ చేద్దామనే అనుకున్నాను నాయనా. బండి దిగబుద్ధి కాలేదు."