కాజీపేట రైలును ఆపిన బిర్యానీ

డోర్నకల్ స్టేషన్ బయట అహల్య చాయ్ హోటల్ బెంచీ మీద జగన్మోహన్ కూర్చున్నాడంటే, ఇక రైలు ఎంత ఆలస్యమైనా ఎవరూ విసుక్కోరు. మిర్చి పండించే రైతు. యాభై ఎనిమిదేళ్లు. తెల్ల అంగీకి గంజి పెట్టనిదే గడప దాటడు. చీమతో మొదలుపెట్టి ఏనుగుతో ముగిస్తాడని జంక్షన్ అంతా పేరు.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. వరంగల్ వైపు పోయే ప్యాసింజర్ గంటన్నర లేటని విని, గార్ల దగ్గరి తండా పిల్ల సౌందర్య బ్యాగు ఒళ్లో పెట్టుకుని బెంచీ చివర కూర్చుంది. నాలుగు రోజుల సెలవు అయిపోయి హన్మకొండకు, మళ్లీ పనిలోకి పోతోంది. ఆమె పక్కన భద్రయ్య. ముప్పై ఏళ్లు రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి, చాయ్‌లో బిస్కెట్ ముంచుకుని తింటున్నాడు.

"మా మనుమరాలు సింధుకు పదో తరగతిల మంచి మార్కులచ్చినయ్," అన్నాడు భద్రయ్య అహల్యతో. "ఏడికన్న తీస్కపోయి తినిపియ్యాలె. హన్మకొండల ఇత్తడి గిన్నె అని హోటలుందంట గదా, పొద్దున లేస్తె దాని పేరే తీస్తాంది. ఎట్లుంటదో ఏమో."

సౌందర్య తల ఎత్తింది. హైదరాబాదు మొదలు కరీంనగర్ దాకా పదకొండు ఊళ్లలో ఉన్న హోటలది. హన్మకొండ దాంట్లో తలుపు దగ్గర నిలబడి, వచ్చినవాళ్లకు టోకెన్ రాసిచ్చి, వంతు రాగానే పేరు పిలిచి లోపలికి పంపేది తనే. ఆ మాట చెబుదామని నోరు తెరిచేలోపే జగన్మోహన్ గొంతు సవరించుకున్నాడు.

"ఇత్తడి గిన్నెనా? నన్నడుగు భద్రన్నా."

సౌందర్య ఆగిపోయింది. తలుపు దాటి పోయినవాళ్లు తమ ఊళ్లకు చేరాక ఆ హోటల్ గురించి ఏం చెప్పుకుంటారో ఆమె ఎన్నడూ వినలేదు. విందామనిపించింది.

"పోయిన ఆదివారం మిర్చి ఇత్తనాల కోసం హన్మకొండ పోయిన గదా," అన్నాడు జగన్మోహన్. "పని ఒడిసేవరకు ఒంటిగంట. ఆకలైతాంది. చూద్దాం తీయ్ అని పోయిన. మటన్ బిర్యాని తెమ్మన్న. ఒక్క బుక్క నోట్ల పెట్టిన. ఉప్పు, ఇంత, గోటి మీద నిలిచేంత తక్కువైంది. ఇంకేం అనలే. 'తమ్మీ, జర ఉప్పు తక్కువైంది' అన్న, గంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఉప్పు తెచ్చి ఇచ్చిండ్రు," అన్నాడు భద్రయ్య.

"ఉప్పు కాదన్నా, వంటమాస్టరే ఉరికొచ్చిండు! వచ్చి చేతులు కట్టుకుని నిలవడ్డడు. నేనన్న, ఉప్పు సంగతి ఇడిచిపెట్టు మాస్టరూ, ఈ మేక గూడూరు అడివి అంచున మేసిన మేక, దీని ఎనక ఎడమ కాలు కుంటిది అని. ఆయన మొఖం తెల్లగైంది. నిలవడ్డ కాన్నే మటన్ కొట్టాయనకు ఫోన్ కొట్టిండు. ఆయన ఏమన్నడో తెలుసా? 'అది కుంటిదన్న సంగతి నాకు, ఆ మేకకు తప్ప మూడో మనిషికి తెల్వదు, ఎవలు చెప్పిండ్రు' అన్నడు."

"కుంటిదని నోటికెట్ల తెలిసిందయ్యా?"

"ఒక దిక్కు నమిలితె మెత్తగున్నది, ఒక దిక్కు నమిలితె గట్టిగున్నది. మూడు కాళ్ల మీద నడిచిన మేక గట్లనే ఉంటది."

భద్రయ్య ఆలోచనలో పడ్డాడు. అది నిజమే అయ్యుండొచ్చని ఆయన ముఖం చెబుతోంది. అహల్య మాత్రం పాలగిన్నె కింద మంట తగ్గించి ముందుకు వంగింది. పన్నెండేళ్లుగా వచ్చేపోయే వాళ్లకు చాయ్ పోస్తోంది గానీ, తను బల్ల ముందు కూర్చుంటే ఇంకొకరు తెచ్చిపెట్టే చోటు ఆమె చూడలేదు.

"అన్నా, మేక సంగతి సరే. లోపల ఎట్లుంటదే? కుర్సీలా, సోఫాలా? తిన్నంక చేతులకు నిమ్మకాయ నీళ్లు గిన్నెల పోసిస్తరంట, నిజమేనా?"

"ఇస్తరు, ఇస్తరు. అన్నీ ఇస్తరు," అన్నాడు జగన్మోహన్ గబగబా. "లోపలిదేముంది చెల్లె, బయటనే చూడాలె. ఇనుప బెంచీ ఉంటదా, దాని ఎదురుంగ అద్దాల తొట్టిల ఎర్ర చేపలు. తొమ్మిదుంటయ్. అండ్ల ఒకదానికి తోక సగమే ఉంటది, పాపం, అది ఎప్పుడు మూలకే ఉంటది. టోకెన్ చీటీలు నీలం రంగుయి. తలుపుకు ఇత్తడి పిడి, ఇంత పొడుగు."

సౌందర్య ఉలిక్కిపడింది. చేపలు తొమ్మిదే. తోక తెగిన చేపను ఆమె కూడా చేరిన నెలకు గాని గమనించలేదు. ఈయన అక్కడికి వచ్చిన మాట నిజం. అదీ, ఆ బెంచీ మీద చాలాసేపే కూర్చున్నాడు. మరి లోపలి ముచ్చట అడిగితే ఎందుకు దాటేస్తున్నాడు?

"బయటిది ఎవలన్న చూస్తరన్నా," అంది అహల్య. "లోపల గోడలకు ఏం రంగు?"

"రంగు చూసేటంత సేపు నన్ను ఆడ కూసోనిచ్చిండ్రా! మాస్టరు నా చెయ్యి పట్టుకుని సక్కగ వంటింట్లకు గుంజుకపోయిండు. 'బాపూ, నీ చేత్తోని ఒక్కపారి' అని బతిమాలిండు. నా సంచిల మా చేను మిరపకాయలు పది ఉండె. పదీ ఎందుకని ఒక్కటే తుంచి, గింజలు దులిపి, డేగీసల ఏసిన. గంటె తిప్పిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వాసన బయటికి పొయ్యే ఫ్యానుకెల్లి రోడ్డు మీద పడ్డది. చౌరస్తాల బండ్లన్నీ ఆగిపోయినయ్. ఎర్రలైటు లేదు, ఏం లేదు. ట్రాఫిక్ పోలీసాయన ఈల ఊదుతె, నోట్ల ఊరిన నీళ్లకు ఈల బుడబుడ అంటాంది తప్ప మోగుతలేదు. గంతల గాలి కాజీపేట దిక్కు మళ్లింది. ఒక ఎక్స్‌ప్రెస్ మస్తు స్పీడ్ల వస్తాంది. డ్రైవర్ ఒక్క పీల్పు పీల్చిండు, బ్రేక్ కొట్టిండు, బండి నిలవడ్డది."

భద్రయ్య గ్లాసు కింద పెట్టాడు. ఇది ఆయన ఇలాకా.

"సిగ్నల్ లేకుండ ఆపిండా? ఆపితె ఆయన నౌకరీ ఉంటదా?"

"సిగ్నల్ ఇచ్చేటాయన బిర్యానికే పోయె, ఇంక అడిగేదెవలు?"

"బండి నంబరు ఎంత?"

"నంబరెవలు చూస్తరన్నా! బండే ముక్కు ఎగవీలుస్తాంది. ఇంజన్‌కెల్లి ఆఖరు డబ్బ దాక జనం దిగిండ్రు. లైను కట్టిండ్రు. ఆ లైను కాజీపేట దాటింది, ఘన్‌పూర్ దాటింది, రఘునాథపల్లి దాటింది. జనగామోళ్లు హుషారు, 'గంత దూరం మేమెందుకు నడవాలె' అని వాళ్ల ఊర్లనే లైన్ల నిలవడ్డరు. పళ్లేలు ఒక చేతికెల్లి ఒక చేతికి పోతున్నయ్. జనగామల ఆఖరాయనకు అందేటప్పటికి బిర్యాని ఇంక పొగలు కక్కుతాంది. ఎట్లంటవా? గన్ని చేతుల వేడి తగిలింది గదా."

"మధ్యల ఎవ్వలు తినలేదా?" అంది అహల్య.

జగన్మోహన్ క్షణం తడబడ్డాడు. "ఘన్‌పూర్ల ఒక్కడు చెయ్యి పెట్టబోయిండు. ముందటోడు ఒకటి ఎనకటోడు ఒకటి ఇచ్చిండ్రు. గది గాదు, భూపాలపల్లి సంగతి విను. ఆడ బొగ్గు బాయిల పని నడుస్తాంది. వాసన బాయిల దిగింది. గ్యాసు లీకైందని సైరన్ మోగిచ్చి అందర్ని మీదికి తోలిండ్రు. మీదికచ్చి పీల్చి చూస్తె ఏంది? ఏలకులు, లవంగాలు! ఆఫీసరు 'షిఫ్టు అయిపోలే, కిందికి పోండ్రి' అంటె, 'మీరు ముందుగాల నోరు తుడుచుకోండ్రి సారూ' అన్నరు."

నవ్వు ఆపుకోలేక సౌందర్య బ్యాగులో మొహం దాచుకుంది. ఇంత మందిని లైనులో నిలబెడితే టోకెన్లు ఎవరు రాయాలి? ఆమె చేతులకు నొప్పి పుట్టినట్టయింది.

"ఇంక హైదరాబాదుల హోటల్ ఓనర్‌కు ఖబర్ పోయింది. హెలికాప్టర్ ఏసుకుని వచ్చిండు. వచ్చిండు గాని దిగుతలేదు. ఎందుకు? డేగీసల ఆవిరి దాన్ని మీదికి నూకుతాంది. దిగబోతె లేస్తాంది, దిగబోతె లేస్తాంది. నేనే మూత తెచ్చి డేగీస మీద సగం పెట్టిన. సగం దిగింది. పూరాగ పెట్టిన. పూరాగ దిగింది. ఓనరు బూట్లు ఇడిసి నా ముందటికచ్చి ఏమన్నడో తెలుసా? 'పదకొండు హోటళ్లల మీ పేరు మీద ఒక కుర్సీ ఏస్త. దాండ్ల ఎవలు కూసోరు. మీరు గాని, మీ మనుషులు గాని వస్తె టోకెన్ లేదు, లైన్ లేదు, బిల్లు లేదు.' గట్లన్నడు."

భద్రయ్య కళ్లు మెరిశాయి. "మీ మనుషులంటె?"

"ఎవలైతేంది అన్నా, నువ్వు పరాయోనివా? తలుపు కాడ 'జగన్మోహన్ మనుషులం' అను. సాలు."

మేకను సగం, రైలును అస్సలు నమ్మని భద్రయ్య ఈ మాటను పూర్తిగా నమ్మాడు. మనసుకు కావలసిన మాట అలాగే దిగుతుంది. వెంటనే ఫోన్ తీసి భార్యకు కలిపాడు. "స్వరూపా! ఆదివారం సింధును తీస్కోని అందరం పోతున్నం. మీ తమ్మునోళ్లను గూడ రమ్మను. పద్నాలుగు మందిమైతం. ఆ, లైన్ల నిలవడే పని లేదు, మనోళ్ల పేరుంది ఆడ!"

సౌందర్య నవ్వు ఆగిపోయింది. ఆదివారం తలుపు దగ్గర ఉండేది తనే. కొత్త బట్టల్లో ఆ మనుమరాలు, వెనక పద్నాలుగు మంది, గంట నుంచి కూర్చున్న జనమంతా చూస్తుండగా ఈ తాత 'జగన్మోహన్ మనుషులం' అంటాడు. అలాంటి కుర్చీ లేదని ఆయన మొహం మీద తనే చెప్పాలి.

జగన్మోహన్. ఆ పేరు ఆమె నోట్లో ఒకసారి తిరిగింది. అప్పుడు గుర్తొచ్చింది. పోయిన ఆదివారం, సెలవుకు ముందు రోజు. నీలం చీటీ మీద తన చేత్తోనే రాసింది: జగన్మోహన్, ఒకటి.

"తాతా, జర ఆ ఫోన్ పెట్టేయుండ్రి," అంది.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. అంతసేపటి నుంచి అక్కడ ఒక మనిషి ఉన్నట్టు అప్పుడే చూశారు.

"బాపూ," అంది జగన్మోహన్‌తో, గొంతు పెంచకుండా. "ఇత్తడి గిన్నెల తలుపు కాడ పేర్లు పిలిచేది నేనే. పోయిన ఆదివారం మీ పేరు మూడుసార్లు పిలిచిన. 'జగన్మోహన్, ఒక్కరు' అని. బెంచీ కాడికచ్చి గూడ చూసిన. మీరు లేరు. మీ వంతు ఇంకొకలకు ఇచ్చినం."

భద్రయ్య మెల్లగా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"అంటె బిడ్డా, బిర్యాని?"

"తినలే తాతా."

"మేక?"

"నాకు తెల్వదు."

"మరి రైలు?"

"రైలు సంగతి మీకే తెల్వాలె."

అహల్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. జగన్మోహన్ అంగీ మడతలు సరిచేసుకున్నాడు. "జగన్మోహన్ అంటె లోకంల నేనొక్కన్నేనా?" అన్నాడు. దాన్ని ఆయనే పట్టుకుని లాగలేదు.

వినేవాళ్ల కోసం కాకుండా తనలో తను అనుకున్నట్టు చెప్పాడు. "మా ఇంటామె శైలజ, బిడ్డ కాన్పుకని పోయి రెండు నెలలాయె. చెయ్యి కాలుసుకుంటున్న. ఒక్కపారన్న కూసోని తిందామని పోయిన. నువ్వు 'ఎంత మంది బాపూ' అన్నవ్. ఒక్కన్నే అన్న. 'ఒక్కరేనా' అన్నవ్. తప్పేం లేదు, నువ్వు మామూలుగనే అన్నవ్. గాని బెంచీ మీదోళ్లందరు నా దిక్కు చూసినట్టనిపిచ్చింది. అందరు పెండ్లాం పిల్లలతోని ఉన్నరు. అద్దాల తలుపు తీసినప్పుడల్ల లోపలికెల్లి నవ్వులు. చేపలు లెక్కవెట్టుకుంట కూసున్న. తర్వాత లేచి, బజ్జీల బండి కాడ నిలవడి నాలుగు మిర్చిలు తిని బస్సెక్కిన."

రోజుకు ఎంతమందిని ఆ మాట అడుగుతుందో సౌందర్యకు లెక్క లేదు. అది అలా తగులుతుందని ఎన్నడూ తోచలేదు.

జగన్మోహన్ బెంచీ మీద ఆమె వైపు జరిగాడు. "నిజం చెప్పు బిడ్డా. లోపల ఎట్లుంటది?"

అహల్య మంట పూర్తిగా ఆర్పి వచ్చి ఎదురుగా పీట వేసుకుంది. సౌందర్య చెప్పింది. పైన ఇత్తడి గిన్నెలు బోర్లించి లైట్లు చేశారని, గోడలు ఇటుక రంగని, కూర్చోగానే ఉలవచారు చిన్న కప్పులో ఇస్తారని. నిమ్మకాయ నీళ్లు గోరువెచ్చగా ఉంటాయని, కొత్తగా వచ్చినవాళ్లలో సగం మంది వాటిని తాగేస్తారని, వడ్డించేవాళ్లు నవ్వకూడదని మొదటి రోజే చెబుతారని. జగన్మోహన్ ఒక్క మాట అడ్డం రాకుండా విన్నాడు. డోర్నకల్‌లో ఎవరూ ఎరగని వింత అది.

"ఒక్కడే వస్తె ఏడ కూసోవెడుతరు?" అని మాత్రం అడిగాడు.

"కిటికీ పొంటి ఇద్దరి బల్లలుంటయ్ బాపూ. ఒక్కలే వచ్చేటోళ్లు రోజూ ఉంటరు. డాక్టర్లు, లాయర్లు, దవాఖానల పేషంటును చూడనీకి వచ్చినోళ్లు. ఎవ్వలు చూడరు. వాళ్ల తిండి వాళ్లది."

జగన్మోహన్ తలూపాడు. స్టేషన్‌లో గంట కొట్టారు. ప్యాసింజర్ వస్తోంది. సౌందర్య బ్యాగు భుజాన వేసుకుని లేచింది.

"ఆగు బిడ్డా," అన్నాడు భద్రయ్య. "ఆదివారం మేం వచ్చుడు వచ్చుడే. లైన్ల కూసుంటం, బిల్లు కడ్తం. ముందుగాల రాసుకుంటవా?"

"రాసుకుంట తాతా. పద్నాలుగు గదా?"

భద్రయ్య ఒకసారి జగన్మోహన్ వైపు చూశాడు. "పదిహేను."

"పేరు ఏం రాయాలె?"

"జగన్మోహన్ అనే రాయి. గట్టిగ పిలువు. లేచి ఉరకకుంట నేను చెయ్యి పట్టుకుంట."