ఆకుపచ్చ పొట్లం

తైపేలో ఒక ఇంటి వంటగది. రేపు నెట్‌వర్క్ ప్రాక్టికల్ పరీక్ష రాయబోయే తమ్ముడు, బియ్యం డబ్బా పక్కన పేర్చుకున్న పాత రౌటర్లతో కుస్తీ పడుతున్నాడు.

"అక్కా, వీటి మీద పెట్టిన ఆకుపచ్చ చిప్స్ పొట్లం ఏది?"

"ఆకలేసి తినేశాను."

"తినేశావా! మిషన్లు మొరాయించకుండా పెట్టుకున్నానే! అందుకే రెండు గంటలుగా ఈ రెండు రౌటర్లూ మాట్లాడుకోవట్లేదు. ఈ ఊళ్లో అందరూ నమ్మేదే ఇది, మా ఆఫీసులో ప్రతి మిషన్ మీదా ఒకటుంటుంది. మిషన్ పచ్చ లైటు వెలగాలంటే ఆకుపచ్చదే ఉండాలి, డేటు దాటకూడదు."

"దీనికి డేటు దాటి నెలయింది, నాయనా."

"అయ్యో! పోయినసారి పరీక్షకి ఇదే పట్టుకెళ్లాను, ఫెయిలయింది అందుకేనన్నమాట!"

"పోయినసారి ఊడిన కేబుల్ చూసుకోక ఫెయిలయ్యావు. ఇప్పుడైనా వెనకవైపు చూడు."

"ఊడిపోయి ఉంది! ఎవరు పీకారు?"

"నేనే, కావాలనే."

"రెండు గంటలూ చెప్పకుండా కూర్చున్నావా?"

"రేపు పరీక్షలో మాత్రం ఎవడు చెప్తాడ్రా?"