పాత సినిమాలో గుర్రం

లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌ని టీకొట్టు దగ్గర అందరూ డిస్కుల బావ అంటారు. కొట్టు యజమాని అక్కని చేసుకున్నాడు కాబట్టి బావ. ఇంట్లో బీరువా నిండా పాత సినిమాల డిస్కులు పేర్చుకున్నాడు కాబట్టి డిస్కుల బావ. గీతలు తుడిచి, బొమ్మకీ మాటకీ మళ్ళీ ప్రాణం పోసి అమ్ముతారే, ఆ డిస్కులు. పొద్దున్నే పనికి పోతూ అక్కడ ఒక టీ తాగుతాడు, ఒక కథ చెప్తాడు. టీలో పంచదార తగ్గించమంటాడు గానీ కథలో ఎప్పుడూ ఏదీ తగ్గించలేదు.

ఆ రోజు టైలరూ పోస్ట్‌మ్యానూ కాక బెంచీ మీద ఒక కొత్త ముసలాయన కూడా ఉన్నాడు. కొట్టు యజమానికి మామగారు, కూతుర్ని చూడటానికి వచ్చాడు. కొత్త చెవులు దొరికేసరికి బావకి హుషారొచ్చింది. సంచిలోంచి ఒక డిస్కు పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. అట్ట మీద కత్తి దూసిన రౌతు, తెల్ల గుర్రం. ముసలాయన దాన్ని అందుకుని మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు.

“ఈ డిస్కు చేసినవాళ్ళకి నేనొక ఉత్తరం రాశాను బాబాయిగారూ,” అని మొదలుపెట్టాడు బావ. “యాభై మూడో నిమిషంలో రౌతు చెంప మీద ఒక గీత తుడవకుండా వదిలేశారు, చూసుకోండయ్యా అని. అంతే రాశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“థాంక్స్ చెప్పుంటారు,” అన్నాడు పోస్ట్‌మ్యాన్.

“థాంక్సా? కారు పంపించారు! వెళ్ళి చూస్తే పెద్ద పెద్ద ఇంజినీర్లు తలలు పట్టుక్కూర్చున్నారు. ఆఖరి పది నిమిషాల రీలు లేదట, ఊరూరా గాలించారట. కూలగొట్టకుండా మిగిలిన పాత హాలేదైనా ఉందా అన్నాను. ఉందన్నారు. దాని నేలమాళిగలోకి దిగాను. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. తడుముకుంటూ పోతుంటే చేతికి చుట్ట తగిలింది. హమ్మయ్య, రీలు దొరికిందనుకుని కొస పట్టుకుని మూరలు కొలుస్తున్నాను. ఒకటి, రెండు, మూడు... నాలుగో మూర బుస్సుమంది.”

“పామా?” టైలర్ గ్లాసు కింద పెట్టేశాడు.

“పామే. రీలు చుట్టూ చుట్టుకుని పడుకుంది. ‘తల్లీ, ఇన్నాళ్ళు కాపలా కాశావు, ఇక నేనొచ్చానుగా’ అన్నాను. తప్పుకుంది. రీలు పైకి తెస్తే తడిసిన కాగితాల కట్టలా ముద్దైపోయి ఉంది. ఇంజినీర్లు చేతులెత్తేశారు. నేను అన్నం గిన్నె ఆవిరి పట్టి, గుండుసూదితో పొరా పొరా విడదీశాను. తొమ్మిది రోజులు, కన్ను మూయలేదు.”

“మరి ఆ తొమ్మిది రోజులూ లిఫ్టులు?” అన్నాడు కొట్టు యజమాని.

“ఆగిపోయాయి. ఊరు ఊరంతా మెట్లెక్కింది. సరే, డిస్కు తెచ్చి ఇంట్లో వేశాను. ఆఖర్న గుర్రం వాగు దూకాలి. ఎంత శుభ్రంగా తుడిచామంటే, అది పరుగెత్తుకొస్తుంటే టీవీలోంచి దుమ్ము లేచింది. మీ అక్క రెండుసార్లు ఊడ్చింది. దూకింది చూడూ, వాగు దాటి, తెర దాటి మా ముందుగదిలో పడింది! తిన్నగా వంటింట్లోకి పోయి, రెండు కట్టల తోటకూర నమిలి, మళ్ళీ టీవీలోకి దూకి, రౌతుని ఎక్కించుకుని పోయింది. ఓడలో తెప్పించిన మేలుజాతి గుర్రమది. దణ్ణం పెడితే గానీ అడుగు వేసేది కాదట.”

ముసలాయన పెట్టె కింద పెట్టాడు. “వాగు దూకింది గుర్రం కాదు నాయనా,” అన్నాడు నెమ్మదిగా.

“గుర్రం కాక?”

“ఆఖరి రోజు దానికి కాలు బెణికింది. దూరం నుంచి తీస్తే ఎవరికి తెలుస్తుందిలెమ్మని గోనెగుడ్డతో గుర్రం కుట్టి, సున్నం పూసి, లోపల ఇద్దర్ని దూర్చారు. సెట్టు సామాను మోసేవాళ్ళం మేము. ముందు కాళ్ళు మా అన్నయ్య, వెనక కాళ్ళు నేను.”

కొట్టు గొల్లుమంది. “బావా, ఆ తోటకూర తిన్నది ఈయనేనేమో అడుగు!” అన్నాడు పోస్ట్‌మ్యాన్. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఎవరూ చూసుకోలేదు.

బావకి నవ్వులు కొత్త కావు. కానీ ముసలాయన నవ్వడం లేదు.

“అన్నయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఫోటో ఒక్కటీ లేదు. దూకినప్పుడు గుడ్డ జారి అన్నయ్య మొహం కాస్త బయటపడిందని చూసినవాళ్ళు చెప్పారు. ఆ సినిమా ఆడిన వారం మేం వేరే పనిలో ఉన్నాం, చూడలేకపోయాం. అయితే ఆ ముక్క నీ దగ్గరుందన్నమాట.”

డిస్కు మీద గీత పడిందనో, ఎవరో పట్టుకుపోయారనో చెప్పొచ్చు. నాలుక చివర పది జవాబులు సిద్ధంగానే ఉన్నాయి. బావ వాటిని మింగేశాడు.

“లేదు బాబాయిగారూ. అక్కడ నల్లతెర మీద ‘ఈ భాగం దొరకలేదు’ అని అక్షరాలు పడతాయి, అంతే. నా ఉత్తరానికి వాళ్ళు జవాబు కూడా రాయలేదు.”

ముసలాయన మిగిలిన టీ తాగాడు. “పోనీ, ఉన్నదైనా చూపిస్తావా?”

బావ ఫోన్ చేసి పనికి మధ్యాహ్నం వస్తానని చెప్పి, ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళాడు. సినిమా నడుస్తున్నంతసేపూ ముసలాయన బావకీ అతని భార్యకీ వేలు పెట్టి చూపిస్తూనే ఉన్నాడు. ఆ కోటగోడ అట్టది, మేం మోసిందే. ఆ స్తంభం నా కాలి మీద పడింది. చివరికి తెర నల్లబడి అక్షరాలు వచ్చాయి. బావ రిమోట్ అందుకోబోతే ముసలాయన వద్దని లేచి నిలబడ్డాడు.

“ఇక్కడే. డైరెక్టర్ ఈల వేశాడు. అన్నయ్య పరుగందుకున్నాడు. నేను ఆయన నడుం పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఒక్క దూకు దూకాం చూడమ్మా, వాగులో చేపలన్నీ తలలెత్తి మమ్మల్నే చూస్తున్నాయి!”

“కళ్ళు మూసుకున్నారుగా, చేపలెలా కనపడ్డాయండీ?” అంది బావ భార్య.

“ఊరుకోవే,” అన్నాడు బావ. “వాళ్ళన్నయ్య చూసి చెప్పుంటాడు.”